రెండా, నాలుగా

మదనపల్లె,
బుధవారం సాయంత్రం.

నా కుసుమకు,

చెన్నై చేరానని నువ్వు పెట్టిన మెసేజ్ చూశాను. బదులుగా బొటనవేలి బొమ్మ ఒకటి పంపి ఊరుకున్నాను. రోజూ సంత లెక్కలు రాసుకునే బల్ల దగ్గరే కూర్చుని ఇది రాస్తున్నాను. ఫోన్‌లో నా సంగతి నీకు తెలిసిందే. సాయంత్రం నువ్వు ఆపరేషన్ థియేటర్ నుంచి బయటికి వచ్చి గంటసేపు మాట్లాడతావు. నేను ఈ బల్ల మీదే మోచెయ్యి ఆనించి, ఫోన్ చెవికి పెట్టుకుని ఊఁ కొడతాను. "బావా, ఉండావా, నిద్రపోయినావా?" అని మధ్యలో అడుగుతావు. ఉంటాను. ఒక్క మాట పోనీయకుండా వింటాను. నా మాట మాత్రం నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. కాగితం మీదైతే ఎవరూ తొందరపెట్టరు.

కుప్పం స్టేషన్‌లో నువ్వు చెప్పింది నాకు అర్థమైందని చెప్పడానికే ఈ ఉత్తరం.

ఆ పూట నువ్వు రెండు పిలుపుల మధ్య నిలబడి ఉన్నావు. భుజం, మోచేయి ఆపరేషన్లలో నీ ఏడాది ఫెలోషిప్ ఈ నెలతో అయిపోతుంది. అక్కడే తన దగ్గర పనిచేయమని చెన్నైలో మీ పెద్ద డాక్టరు అడిగారు. నువ్వు ఎం.ఎస్. చదివిన కుప్పంలోనేమో, భుజానికీ మోచేతికీ విడిగా ఒక విభాగం పెడతాము, వచ్చి చూసుకోమన్నారు. వాళ్ళతో మాట్లాడడానికి నువ్వు రైలెక్కి వచ్చావు. నిన్ను చూడడానికి నేను పుంగనూరు మీదుగా బండేసుకుని వచ్చాను. స్టేషన్ బయట టీ తాగుతూ, "నేనేం చెయ్యాల బావా?" అన్నావు. నేను గ్లాసు వైపు చూస్తూ కూర్చున్నాను. రమ్మంటే నీ చదువుకు అడ్డం పడినవాణ్ణవుతాను. అక్కడే ఉండమంటే నిన్ను వద్దన్నట్టవుతుంది.

ప్లాట్‌ఫారం బెంచీ మీద మన పక్కన ఎవరిదో కుటుంబం కూర్చుని ఉంది. నువ్వు నా భుజం మీది తువ్వాలు లాగి మన చేతుల మీద కప్పావు. కింద నా వేళ్ళు పట్టుకున్నావు. రెండు వేళ్ళు.

అది మామ మనిద్దరికీ ఒకే రోజు నేర్పిన విద్య. నువ్వు రెండు జడలతో, నేను బడి మానేసిన కొత్తలో, పుంగనూరు సంతలో మామ వెనక తిరిగేవాళ్ళం. కొనేవాడూ దళారీ చేతులు కలిపి పైన తువ్వాలు కప్పుకునేవాళ్ళు. ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అంత ధర. చుట్టూ ఎంతమంది నిలబడినా ఎవరికీ వినపడదు, కనపడదు. లోపల జరిగింది నోటితో బయటపెట్టకూడదన్నది సంత మర్యాద. "మొగం సూడొద్దురా, యేళ్ళు సూడు" అనేవాడు మామ. కూతురికీ మేనల్లుడికీ ఆయన ఏ తేడా లేకుండా నేర్పాడు.

మనం ఆ విద్యను ఇంటికి తెచ్చుకుని మనకు కావలసినట్టు మార్చుకున్నాం. నాలుగు వేళ్ళూ పట్టుకుంటే బేరం కుదిరినట్టు. రెండే పట్టుకుంటే వదిలేసినట్టు. నీ ఎం.బి.బి.ఎస్. అయిన ఏడాది మన పెళ్ళి మాటలప్పుడు, ఏడో తరగతితో ఆగినవాడికి డాక్టరు పిల్లా అని ఇంటినిండా చుట్టాలు గొణుగుతున్నారు. నేను గోడవారగా కూర్చుని ఉన్నాను. నువ్వు నేరుగా వచ్చి నా పక్కన కూర్చున్నావు. తువ్వాలు కప్పి నాలుగు వేళ్ళూ నలిగిపోయేలా పట్టుకున్నావు. ఆ తర్వాత ఎవరేమన్నా నాకు వినపడలేదు. ఆ పట్టు తెలిసినవాణ్ణి కాబట్టే, మొన్నటి రెండు వేళ్ళకు అర్థం ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేకపోయింది.

"సరే కుసుమా, నీ ఇష్టం" అని చెయ్యి వెనక్కి తీసుకున్నాను. నువ్వు నా మొహంలోకి చూశావు. అప్పటికే రైలు వచ్చింది.

నువ్వు వదిలింది కుప్పం బేరాన్నేనా, నన్ను కూడానా అని అడుగుదామనుకున్నాను. అడగలేదు. ఈ కాగితం మీద కూడా అడగను. చెన్నైలోనే ఉండు. ఇది కోపంతో రాస్తున్న మాట కాదు. ఆ చోటికి నువ్వు ఎట్లా చేరావో దగ్గర్నుంచి చూసినవాడిగా రాస్తున్నాను.

ఎముకల చదువు తీసుకుంటానన్నప్పుడు కాన్పుల డాక్టరువైతే బాగుండేదని నిన్ను అననివాళ్ళు లేరు. మీ పరీక్షకు బయటినుంచి వచ్చిన పెద్దమనిషి, ఇంత సన్నగా ఉన్నావు, జారిన భుజాన్ని ఎట్లా ఎక్కిస్తావమ్మా అని నవ్వాడని చెప్పావు. బలంతో కాదు సార్, రోగికి భయం తగ్గేదాకా ఆగి, చెయ్యిని మెల్లగా తిప్పి ఎక్కిస్తానన్నావట. అప్పటికే నీకు భుజం మీద మనసు పడింది. తెగిన కండను ఎముకకు తిరిగి కుట్టడం నేర్చుకోవడానికి గొర్రె భుజం బాగా పనికొస్తుందని ఎక్కడో చదివి, "బావా, ముందుకాళ్ళు జబ్బతో సహా కావాల" అన్నావు. గొర్రెల దళారికి అంతకంటే సులువైన పని ఏముంది. కటికాయన పక్కనే నిలబడి, కీలు చెడకుండా కోయించి, థర్మాకోల్ పెట్టెలో ఐసు పోసుకుని కుప్పం బస్సెక్కేవాణ్ణి. మొదటిసారి మీ హాస్టల్ వంటామె పెట్టె మూత తీసి, ఇంత మంచి కూర తెచ్చిన మొగుణ్ణి ఎక్కడా చూడలేదని మెచ్చుకుని మసాలా నూరడానికి పోయింది. నువ్వు పరిగెత్తుకొచ్చి, "అక్కా, అది కూర కాదు, నా చదువు" అన్నావు. నువ్వు కుట్టి, విప్పి, మళ్ళీ కుట్టి, చివరికి దాన్ని కుక్కలకు వేయించావు. ఆమె ఆ తర్వాత చాలా రోజులు నా మొహం చూడలేదు.

ఆ పెట్టెలు మోసిన రోజుల్లోనే నేనూ నీ పాత పుస్తకాలు ముందేసుకుని, బొమ్మల పక్కన ఉన్న ఇంగ్లీషు పేర్లు కూడబలుక్కున్నాను. మనం నరం అనే ఒక్క మాటతో మూడింటిని పిలుస్తామని అప్పుడే తెలిసింది. రక్తం పారేదీ నరమే, కండను ఎముకకు కట్టి ఉంచేదీ నరమే, తాకింది తెలియజేసేదీ నరమే. గొర్రె జబ్బ మీద నువ్వు మూడింటినీ వేలితో వేరు చేసి చూపించావు. మొదటిది, రెండోది, మూడోది అని నేను వాటికి నంబర్లు పెట్టుకుంటే నవ్వావు.

చెన్నైలో మొదట్లో నీకు కత్తి ఇవ్వలేదు. రోగి చెయ్యి పట్టుకుని నిలబడడమే పని. పెద్ద డాక్టరు ఏ వైపంటే ఆ వైపు తిప్పుతూ, మత్తులో ఉన్న మనిషి చెయ్యి ఎంత బరువుంటుందో నీ నడుముకు తెలిసిందన్నావు. తర్వాత కెమెరా గొట్టం ఇచ్చారు. ఒక చిన్న రంధ్రంలోంచి కెమెరా, ఇంకో రంధ్రంలోంచి పనిముట్టు. మనిషంతా ఆకుపచ్చ గుడ్డ కింద. నీ కళ్ళు టీవీ మీద, చేతులు ఎక్కడో కింద. తోటివాళ్ళు తడబడుతుంటే నీకు తొందరగా పట్టుబడింది. చేతుల్ని చూడకుండా పని చేయడం ఎక్కడ నేర్చుకున్నావని పెద్ద డాక్టరు అడిగితే, పుంగనూరు గొర్రెల సంతలో అని చెప్పావట. ఆ సాయంత్రం ఫోన్‌లో నువ్వు నవ్విన నవ్వు తలుచుకుంటే, అక్కణ్ణుంచి లేచి రమ్మని ఎట్లా అనగలను.

నన్ను అక్కడికి రమ్మని మాత్రం అడగొద్దు. సంత లేని ఊళ్ళో నా చేతులకు పనేముంది. నీ తోటి డాక్టర్లు ఇంటికొస్తే ఏ కుర్చీలో కూర్చోవాలో కూడా తెలియనివాణ్ణి.

ఇక్కడ నాకు ఇబ్బందేమీ లేదు. ఒకచోట కూర్చోలేకపోతున్నాను, అంతే. నిన్న పనేమీ లేకపోయినా బండి తీసి కురబలకోట పోయాను. అక్కడ నిలవలేక బి.కొత్తకోట పోయాను. ఏం పని మీద వచ్చావప్పా అని అడిగితే చెప్పడానికి ఏమీ లేక టమోటా ధర అడిగి వెనక్కి వచ్చాను. హ్యాండిల్ పట్టుకుని పట్టుకుని కుడిచేతి చివరి వేళ్ళలో చీమలు పాకుతున్నట్టుంటుంది. దులుపుకుని మళ్ళీ బండెక్కుతాను.

వేళకు తిను.

ఇట్లు,
వెంకటేశులు.


మదనపల్లె,
సోమవారం.

కుసుమా,

నా ఉత్తరానికి నీ దగ్గర్నుంచి వచ్చింది ఒక్క మెసేజ్. "సరే బావా. చెన్నైలో ఒప్పుకున్నాను." ఆ తర్వాత సాయంత్రాలు ఫోన్ మోగలేదు. నేనూ చేయలేదు. ఫోన్ పక్కన పెట్టుకుని లెక్కలు రాస్తూ, కూడిన అంకెలే మళ్ళీ కూడుతూ కూర్చున్నాను. ఇంక నిన్ను కదిలించకూడదనే అనుకున్నాను. కానీ నిన్న పుంగనూరు సంతలో ఒకటి జరిగింది. అది నీకు చెప్పకుండా ఉంటే తప్పు.

నరసింహులన్న నీకు తెలుసు. కుప్పం వైపు నుంచి వచ్చి మన దగ్గర గొర్రెలు కొనే మనిషి, మామ కాలం నుంచీ మాట తప్పనివాడు. నిన్న మంచి మంద ఉంది నా చేతిలో. ఆయన చుట్టూ తిరిగి చూశాడు, ఒకదాని నడుము తడిమాడు, ఇంకోదాని పళ్ళు చూశాడు. తర్వాత వచ్చి తువ్వాలు కింద నా చెయ్యి పట్టుకున్నాడు. రెండు వేళ్ళు. ఆ మందకు అది ధర కాదు, వెక్కిరింత. అసలే నా మనసు సరిగ్గా లేదు. చెయ్యి లాక్కుని, "రెండా? ఎగతాళి చేస్తాండావా అన్నా?" అని నలుగురిలో అనేశాను.

తువ్వాలు కింద మాటను నోటితో బయటపెట్టాను, కుసుమా. ఇన్నేళ్ళలో ఎప్పుడూ చేయని పని. పక్క బేరాలు ఆగిపోయాయి. నరసింహులన్న మొహం నల్లబడింది.

"రెండు పట్టినానా నేను?" అన్నాడు మెల్లగా. "నాలుగు యేళ్ళూ పట్టినా గదప్పా. మీ మామ నా చెయ్యి పట్టుకున్నప్పుడు నువ్వు నిక్కర్లో ఉండావు. నా పట్టు అబద్ధమని ఈ సంతలో ఎవురూ అనలా."

నేను తగ్గలేదు. రెండేనన్నాను. ఆయన నాలుగన్నాడు. మాట మీద మాట పెరిగి, అటువైపు ఇద్దరు, ఇటువైపు ఇద్దరు చేరారు. టీ తాగుతున్న మామ గ్లాసు పక్కన పెట్టి వచ్చాడు. ఎవరినీ ఏమీ అడగలేదు. నా చెయ్యి తీసుకుని తన తువ్వాలు కప్పాడు.

"ఎన్ని?"

"రెండు."

"ఇప్పుడు?"

"రెండే మామా."

"మొగం సూడొద్దు. యేళ్ళు సూసి సెప్పు. ఎన్ని?"

"రెండే."

మామ తువ్వాలు తీసేశాడు. నా నాలుగు వేళ్ళూ ఆయన పిడికిట్లో ఉన్నాయి. మామ పిడికిలి ఎట్లాంటిదో నీకు తెలుసు. నా ఉంగరపు వేలూ చిటికెన వేలూ పాలిపోయేంత గట్టిగా పట్టుకుని ఉన్నాడు. నాకు తెలియలేదు. కళ్ళతో చూస్తే ఉన్నాయి, చూపు తిప్పుకుంటే లేవు. ఎవరివో వేళ్ళు నా చేతికి తగిలించినట్టు ఉంది.

నరసింహులన్న కోపం అక్కడే దిగిపోయింది. "అయ్యో, యేళ్ళు సచ్చినాయి గదప్పా నీకు" అని దగ్గరికి వచ్చి చూశాడు. తర్వాత, "భుజాల డాక్టరమ్మ మొగుడికే ఇట్లుంటే మా గతేం గాను" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేను ఆయన రెండు చేతులూ పట్టుకుని తప్పైపోయిందన్నాను. మంద బేరం మామ తన చేత్తో చేశాడు. నేను పక్కన నిలబడ్డాను.

బయల్దేరేముందు మామ, "ఎన్నాళ్ళ నుంచిరా?" అన్నాడు. తెలియదన్నాను. అది నిజం. చీమలు పాకుతున్నట్టు ఉండడం చాలా కాలంగా ఉంది. అది ఎప్పుడు ఏమీ తెలియకుండా పోయిందో నేను చూసుకోలేదు. బండి మీద తిరిగేవాడికి ఉండేదేలే అనుకున్నాను.

తిరిగి వస్తూ దారిలో ఒక కల్వర్టు దగ్గర బండి ఆపేయాల్సి వచ్చింది. ముందుకు పోలేకపోయాను. నా కుడిచెయ్యి వైపు చూస్తూ నిలబడ్డాను. కుప్పం స్టేషన్‌లో నువ్వు పట్టుకున్నది ఈ చేతినే.

ఇప్పుడు ఒకటి ఒప్పుకోవాలి. వేళ్ళు చచ్చాయని తెలిసిన మనిషి దిగులుపడాలి. దళారికి వేళ్ళు పోవడమంటే ఏమిటో నాకు తెలుసు. కానీ ఆ కల్వర్టు మీద నిలబడినవాడికి దిగులు రాలేదు. సంతోషం వచ్చింది. ఇంత సంతోషపడొచ్చా అని భయం కూడా వేసింది. నువ్వు నాలుగూ పట్టి ఉండొచ్చు, రెండే పట్టి ఉండొచ్చు. వేళ్ళు మొద్దుబారినవాడికి రెండు వేళ్ళు పట్టుకున్నా, నాలుగు వేళ్ళు పట్టుకున్నా ఒకటే. నాకు తెలిసే దారి లేదు. నీకు మాత్రమే తెలుసు.

పోయిన ఉత్తరంలో అడగనన్నాను. అడుగుతున్నాను. ఆ పూట నువ్వు పట్టింది రెండా, నాలుగా?

రెండైతే ఏమీ రాయొద్దు. పోయిన ఉత్తరంలో రాసిందే నా మాట. అందులో మార్పు లేదు. నాలుగైతే, బేరం వదిలింది నువ్వు కాదు, నేను. నువ్వు చెయ్యి చాస్తే లాక్కున్నాను. పైగా కూర్చుని, చెన్నైలోనే ఉండమని పెద్దమనిషిలా ఉత్తరం రాశాను. దాన్ని చదివి నువ్వు ఏమనుకున్నావో, ఏ మనసుతో అక్కడ ఒప్పుకున్నావో ఆలోచిస్తుంటే ఈ గదిలో కూర్చోలేకపోతున్నాను. ఇది రాయడానికి కూడా రెండుసార్లు లేచి వీధి చివరిదాకా పోయి వచ్చాను.

నీ జవాబు కోసం,
నీ బావ వెంకటేశులు.


మదనపల్లె,
శుక్రవారం సాయంత్రం.

నా కుసుమకు,

నిన్న నీ ఎదురుగా నేను మాట్లాడింది వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మొద్దుబారిన వేళ్ళు వదిలేసినా సరిపోతుంది. రైలు కదిలేటప్పుడు కిటికీలోంచి, "మిగిలింది ఉత్తరంలో రాయి బావా" అన్నావు. రాస్తున్నాను. మోచేతి కింద కుర్చీ చేతికి దిండు కట్టుకోమన్నావు, కట్టుకున్నాను. మోచెయ్యి బల్లకు ఆనించలేదు.

నీ నుంచి ఉత్తరం వస్తుందని పోస్టుమాన్ కోసం చూస్తూ ఉంటే ఫోన్ వచ్చింది. "రైల్లో ఉండాను. కుప్పం రా" అని పెట్టేశావు. పుంగనూరు, పలమనేరు ఎప్పుడు దాటానో నాకు గుర్తులేదు. నువ్వు అదే బెంచీ దగ్గర నిలబడి ఉన్నావు. పలకరించలేదు. సంచీలోంచి నా ఉత్తరం తీసి, మడిచి, నా కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి, గట్టిగా పట్టుకోమన్నావు. ఇదెక్కడి పలకరింపు అనుకున్నాను. నువ్వు కాగితం లాగావు. బొటనవేలు దానంతటదే వంగిపోయింది, కాగితం జారి నీ చేతికి వచ్చేసింది. ఎడమచేతికి అదే పెట్టావు. అది వదల్లేదు. తర్వాత నా కుడిచెయ్యి వెలుతురుకు తిప్పి, బొటనవేలి పక్కన కండ కరిగి పడిన గుంటను వేలితో తడిమావు. ఆ గుంట ఉన్న సంగతే నాకు తెలియదు. మోచేతి లోపలి ఎముక వెనక ఒకచోట నువ్వు వేలితో తట్టగానే చిటికెన వేలిదాకా కరెంటు పాకింది.

"ఇది ఏ నరం?" అన్నాను.

"మూడోది" అన్నావు.

అంతదాకా డాక్టరుగానే ఉన్నావు. ఆ మాటతో బెంచీ మీద కూలబడ్డావు.

"చీమలు పాకతాండాయని నీ మొదటి ఉత్తరంలోనే రాసినావు. నేను సదివినా. డాక్టరుగా సదవలా బావా, పెళ్ళాంగా సదివినా. ఏడ్సుకుంటా సదివినా. దినామూ ఎవురెవురివో మోచేతులు పట్టుకుని ఇదే నరం సూసేదాన్ని, నీ చెయ్యి పట్టుకుని కూడా కనుక్కోలా."

అప్పుడు నేనేమీ అనలేదు. ఇప్పుడు రాస్తున్నాను. తువ్వాలు కింద ఏముందో ఎవరికీ కనపడదు, కుసుమా. మనం దాన్ని కప్పుకునేదే అందుకు. నువ్వు వైద్యం చేయడానికి నా చెయ్యి పట్టుకోలేదు, జవాబు కోసం పట్టుకున్నావు. దాని కోసం నిన్ను నువ్వు తిట్టుకోవద్దు.

కాసేపటికి మొహం తుడుచుకుని, నేను అడగకుండానే చెప్పావు. "నాలుగూ పట్టినా. నువ్వు చెయ్యి ఎనక్కి లాక్కున్నావు. నీ ఇష్టమన్నావు. రైల్లో జోలార్‌పేట దాకా ఆ మాటే ఇనపడతా ఉండింది."

ఫోన్ ఏ చేత్తో పట్టుకుంటావని అడిగావు. చూపించాను. మోచెయ్యి ఎక్కడ పెడతావన్నావు. బెంచీ చేతి మీద ఆనించి చూపించాను. ఎంతసేపు అన్నావు. "నువ్వు మాట్లాడినంతసేపు" అన్నాను. ఏడుస్తూనే నవ్వావు. మాట్లాడేది నువ్వు, మొద్దుబారింది నా వేళ్ళు అని నేను అనబోయి ఆగాను. కాగితం మీదైతే తగాదా రాదని రాస్తున్నాను. నిజానికి ఆ నరం నలిగిపోయినందుకు నాకు బాధ లేదు. నువ్వు మొదటిసారి కెమెరా పట్టుకున్న రోజూ, మొదటిసారి నీ చేత్తో కుట్టిన రోజూ, అన్నీ నాకు ఆ మోచెయ్యి మడిచి కూర్చునే తెలిశాయి.

ఇంక ఆలస్యం చేయకూడదన్నావు. నరాన్ని నొక్కుతున్న పొరను కోసి వదులు చేయాలి. స్పర్శ గోరు పెరిగినంత నిదానంగా వస్తుంది, మొత్తం రాకపోవచ్చు, ఆ గుంట పూడకపోవచ్చు అని దాచకుండా చెప్పావు. "నువ్వే చెయ్యి" అన్నాను. నీ చదువంతా అందుకే కదా అనుకున్నాను. నువ్వు తల అడ్డంగా ఊపావు. సొంతవాళ్ళ మీద కత్తి పెట్టకూడదని మీ పెద్ద డాక్టరు నియమమట, ఆయనే చేస్తారట. "నేను నీ చెయ్యి పట్టుకుని నిలబడతా బావా. అది నాకు బాగా వచ్చు" అన్నావు.

తర్వాత అసలు సంగతి చెప్పావు. చెన్నైలో ఏడాదికి ఒప్పుకున్నావు. "నేను మారప్ప కూతుర్ని. ఒప్పుకున్న బేరం కాదంటే మా నాయన సంతలో తలెత్తుకోలేడు" అన్నావు. పొద్దున రైలు దిగి నేరుగా కుప్పం వాళ్ళ దగ్గరికి పోయి, ఏడాది ఆగుతారా అని అడిగావట. వాళ్ళు మాట ఇవ్వలేదు, కాదని కూడా అనలేదు. కాబట్టి నా వేళ్ళు చేసిన తప్పుకు నా వేళ్ళతో పాటు నువ్వు కూడా ఒక ఏడాది జరిమానా కట్టాలి. ఇది నేను ఎంత తిప్పి చూసినా మారడం లేదు.

అలవాటుగా చెయ్యి భుజం మీది తువ్వాలు దగ్గరికి పోయింది. నువ్వు నాకంటే ముందు దాన్ని లాగేసుకుని, మడిచి, ఒళ్ళో పెట్టుకున్నావు.

"ఇంక ఇది వద్దు బావా. నోటితో సెప్పు. నాకు ఇనపడాల."

పక్క బెంచీలో ముసలాయన చూస్తున్నాడు. రైలు వస్తోందని మైకులో చెప్తున్నారు. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

"వస్తా" అన్నాను.

"యాడికి?"

"నువ్వుండే కాడికి."

"ఆపరేషన్‌కా?"

"ఆపరేషన్ లేకపోయినా."

పెళ్ళి మాటలప్పుడు నువ్వు నాలుగు వేళ్ళతో చెప్పినదాన్ని నోటితో చెప్పడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. అది రెండే మాటలని ఇప్పుడు తెలిసింది.

మిగిలినవి ఇవి. సంత పని మామ చూసుకుంటానన్నాడు. నేను చెన్నై పోతున్నానంటే, "ఆ ఊర్లో ఏం అమ్ముతావురా?" అన్నాడు. ముందు చెయ్యి బాగుచేయించుకుంటానన్నాను. "అట్లనే రెండు మాటలు కూడా నేర్సుకోని రా" అన్నాడు. కట్టు విప్పేదాకా ఊరికే కూర్చోను. మీ ఆసుపత్రిలో మనవైపు నుంచి వచ్చే రోగులుంటారని, నరం అంటే ఏ నరమో తెలియక ఇబ్బంది పడతారని ఎప్పుడో చెప్పావు. వాళ్ళ పక్కన కూర్చుని అడిగి చెప్పడం నాకు చేతనవుతుంది. నీ తోటి డాక్టర్లు ఇంటికొస్తే ఏ కుర్చీలో కూర్చోవాలో నువ్వే చూపించు. కుప్పం వాళ్ళు ఏడాది ఆగితే ఇద్దరం కలిసి వస్తాం. ఆగకపోతే అప్పుడు మళ్ళీ మాట్లాడుకుందాం, నోటితో.

బస్సుకు టికెట్ తీసుకున్నాను. ఈసారి ఐసు పెట్టె లేదు. నా సొంత జబ్బే వస్తోంది, మోచేతితో సహా.

నా తువ్వాలు నీ ఒళ్ళోనే ఉండిపోయింది. ఉతికి పెట్టు. వచ్చాక మొహం తుడుచుకోవడానికి కావాలి.

నీ బావ.